వణికే చేతిని ఎవరి కళ్ళతో చూడాలి?

మెదడు శాస్త్రవేత్తల శిక్షణతో మహిళా సంఘాలకేం పని అని అడిగే మిత్రులున్నారు. శరీర కదలికలను మెదడు ఎలా నడిపిస్తుంది, అది గతి తప్పితే పార్కిన్సన్స్ వంటి జబ్బులు ఎలా వస్తాయి అన్నది ప్రయోగశాలల సంగతి కదా అంటారు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగాన్ని ప్రశ్నించినప్పుడు కూడా మనవాళ్ళకు ఇటువంటి మాటలే ఎదురయ్యాయి.

1817లో జేమ్స్ పార్కిన్సన్ 'వణుకు పక్షవాతం' గురించి రాసినప్పుడు ఆయన వర్ణించిన రోగులు ఆరుగురు. ఆరుగురూ మగవాళ్ళే. ఆ జబ్బుకు ఆయన పేరు పెట్టిన చార్కో పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో యువ వైద్యులకు పాఠాలు చెప్పేవాడు. ఫ్రాయిడ్ 1885లో నేర్చుకోవడానికి వెళ్ళింది అక్కడికే. ఆ తరగతిని బ్రూయే 1887లో బొమ్మ గీశాడు. గదినిండా కోట్లు తొడుక్కున్న మగవాళ్ళు. మధ్యలో, రవిక జారిపోయి, శిష్యుడు బాబిన్స్కీ చేతుల మీద వెనక్కి వాలిపోయిన బ్లాంష్ విట్‌మాన్. ఆమె కాక మరో ఆడమనిషి ఉందంటే అది నర్సే. కదలికల జబ్బులు చూడడం ఒక తరం నేర్చుకున్నది ఇలా. ఆ రోజుల్లోనే ఆగస్టా క్లుంప్కె అనే వైద్య విద్యార్థిని పారిస్ ఆసుపత్రుల్లో ఇంటర్న్ కావడానికి పోరాడి గెలిచింది. ఆమె బొమ్మ మన పాఠ్య పుస్తకాల్లో ఎక్కడుంది?

హిస్టీరియా అనే మాట ఇప్పుడు పోయింది. ఫంక్షనల్ మూవ్‌మెంట్ డిజార్డర్ అంటున్నారు. ఈ రోగుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఇది నటన కాదు, నిజమైన జబ్బు. గుర్తించడానికి పద్ధతులూ ఉన్నాయి. ఒక చేయి వణుకుతుంటే రెండో చేత్తో ఒక లయలో తట్టమంటారు. వణుకు ఆ లయలోకి మారినా, ఆగిపోయినా అది ఒక ఆధారం. ఇలా పరీక్షించి చెప్పడం నేర్పాలి. "ఈమెకు ఇంట్లో గొడవలేమో" అని మొహం చూసి తేల్చేయడం నేర్పకూడదు. నేను పరిశీలించిన ఒక శిక్షణ తరగతిలో రోగిని కాక ఆమె భర్తను అడిగి చరిత్ర రాసుకున్నారు. ఎవరికీ అది వింతగా తోచలేదు.

ప్రయోగశాలలోనూ ఇదే తంతు. మెదడు శాస్త్రంలో ఒకే లింగం జంతువులతో చేసిన పరిశోధనలను లెక్కిస్తే ఆడవాటితో ఒకటి జరిగితే మగవాటితో అయిదున్నర జరిగాయని 2011లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. ఆడ ఎలుకకు హార్మోన్ల చక్రం ఉంటుంది, ఫలితాలు నిలకడగా రావు అన్నది సాకు. కొలిచి చూస్తే మగ ఎలుకల ఫలితాల్లోనూ అంతే హెచ్చుతగ్గులున్నాయి! పార్కిన్సన్స్ మగవాళ్ళలో ఎక్కువన్నది నిజమే. అయితే లెవోడోపా మందుతో ఒళ్ళు అదుపు తప్పి మెలికలు తిరగడం ఆడవాళ్ళలో ఎక్కువ. మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే ఆపరేషన్ మాత్రం, రోగుల్లో వాళ్ళ వంతుకు తగినంతగా కూడా వాళ్ళకు అందడం లేదు.

ఇక నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లల సంగతి. పిహెచ్.డి. కాలంలో 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవును యు.జి.సి. 2016 నిబంధనల్లో చేర్చింది. మంచిదే. కానీ ఫెలోషిప్‌లకు వయసు పరిమితి, తర్వాత ఊరు కాని ఊళ్ళో వేసవి శిక్షణ, రాత్రి దాకా ల్యాబు, చంటిబిడ్డను ఉంచడానికి గది లేకపోవడం – వీటి ముందు ఆ సెలవు ఎంతవరకు ఆదుకుంటుంది?

ఇంకో విషయం. వణికే మనిషికి అన్నం కలిపి పెట్టేది, రాత్రి పక్క మీద అటు తిప్పేది, మందు దిగిపోయే గంటను గడియారం కన్నా ముందు పసిగట్టేది చాలా ఇళ్ళలో భార్యో, కోడలో. ఆమెకు తెలిసినది ఏ సిలబస్‌లోనూ లేదు. మీ ఊళ్ళో ఇటువంటి శిక్షణ జరుగుతుందని తెలిస్తే నిర్వాహకులకు ఉత్తరం రాయండి: పిల్లల గది ఎక్కడుంది, పాఠం చెప్పేవాళ్ళలో ఆ కోడళ్ళు ఎందరున్నారు అని.