చేపతోపాటు సీసాలోకి చేరినవి: మా ప్రణాళిక

సంగ్రహాలయాల అరల్లో, ఆల్కహాల్ సీసాల్లో ఉన్న చేపలు ఒంటరిగా రాలేదు. వలలో పడ్డనాడు మొప్పల్లో, నోట్లో, పేగుల్లో ఏ పురుగులు బతుకుతున్నాయో అవి కూడా వాటితోపాటే ముందు ఫార్మలిన్‌లో, తర్వాత ఆల్కహాల్‌లో మునిగాయి. చీటీ మీద చేప పేరు, దొరికిన చోటు, తేదీ రాశారు. పరాన్నజీవుల ఊసెత్తలేదు. వాటిలో చాలావాటికి నేటికీ పేరు లేదు. ఆ పేర్లు పెట్టించడానికే మేము ఒక్కటవుతున్నాం.

ఇది ఊహ కాదు. రొయ్యలకు దూరపు చుట్టాలైన ఎల్థూసా ప్రజాతి జీవులు చేపల నోట్లో, మొప్పల్లో పట్టుకుని బతుకుతాయి. కేప్‌టౌన్‌లోని ఇజికో సంగ్రహాలయం దాచిన నమూనాలనూ పరిశీలించి, దక్షిణాఫ్రికా పరిశోధకులు 2019లో వీటిలో మూడు కొత్త జాతులను ప్రకటించారు.

పురుగుకు ఇంత గౌరవమా అంటారు. అవును, ఇవ్వాల్సిందే. నత్తలో పుట్టి, చేపలో పెరిగి, కొంగలో గుడ్లు పెట్టే పురుగు బతకాలంటే ఆ మూడూ ఒకేచోట ఉండాలి. అమెరికాలోని ప్యూజెట్ సౌండ్‌లో 1880 నుంచి 2019 వరకు పట్టి దాచిన 699 చేపలను కోసి చూస్తే, మూడు లేదా అంతకుమించి ఆతిథేయులు కావలసిన పరాన్నజీవులు దశాబ్దానికి సుమారు 11 శాతం చొప్పున తగ్గినట్టు తేలింది. ఆ సీసాలే లేకపోతే ఈ నష్టం ఎవరికీ తెలిసేది కాదు. పేరు పెట్టకముందే అంతరించినవాటిని లెక్కపెట్టేదెవరు?

అందుకే సంగ్రహాలయాలను అడుగుతున్నాం. ఆల్కహాల్ మార్చేటప్పుడు సీసా అడుగున మిగిలినదాన్ని పారబోయకండి. మొప్పల నుంచి ఊడిన జీవులు అక్కడే ఉంటాయి. చేపను కుడివైపే కోయాలి, ఎడమవైపు చెక్కుచెదరకూడదు, తీసిన అవయవాలను తిరిగి సీసాలోనే ఉంచాలి. జాతికి ఆధారమైన మూల నమూనాను కోయకూడదు. దొరికిన ప్రతి పురుగుకూ సొంత నమోదు సంఖ్య ఇచ్చి, దాన్ని చేప సంఖ్యతో ముడివేయాలి.

ఫార్మలిన్ డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. కాబట్టి కొక్కేలను, చూషకాలను సూక్ష్మదర్శినిలో చూసి జాతిని చెప్పగల కళ్లు కావాలి. అలాంటి నిపుణులు ఒక్కొక్కరే పదవీ విరమణ చేస్తున్నారు, ఆ ఖాళీలు నిండటం లేదు. మాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఈ విద్యలో పెద్ద వారసత్వం ఉంది. భారత సముద్ర చేపల చదును పురుగుల మీద అక్కడి ఆచార్యురాలు రొక్కం మాధవి, పరాన్నజీవుల శాస్త్రవేత్త రాడ్నీ బ్రేతో కలిసి రాసిన గ్రంథం 2018లో వచ్చింది. ఆ చదువు కొనసాగాలి. జీవుల వర్గీకరణ నిపుణులకు ఉద్యోగాలివ్వాలి.

19వ శతాబ్దంలో చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే మన నీళ్లలో సేకరించిన చేపలు ఇప్పుడు కోల్‌కతాలో, లండన్‌లో, సిడ్నీలో ఉన్నాయి. వాటిలో ఏ పరాన్నజీవి బయటపడినా ఆ వివరాలు, చిత్రాలు మన తీరప్రాంత విశ్వవిద్యాలయాలకు ఉచితంగా అందాలి.

మేము మొదట మా జిల్లాల కళాశాలల ప్రయోగశాలల్లో దుమ్ముపట్టిన సీసాల జాబితా తయారుచేస్తాం. చీటీలు చెరిగిపోకముందే వాటిని తిరగరాస్తాం. జంతుశాస్త్ర విద్యార్థులారా, అధ్యాపకులారా, మీ కళాశాల బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కొని మాతో రండి.