కనుబొమ్మల దారానికి 750 గంటల చదువా?

థ్రెడింగ్‌కు కావలసిన సరంజామా ఒక నూలు దారం. దాన్ని మెలిపెట్టి, వేళ్ల మధ్య బిగించి కనుబొమ్మల మీద కదిపితే వెంట్రుకలు కుదుళ్లతో ఊడివస్తాయి. వేడి మైనంతో గానీ రసాయనాలతో గానీ పనిలేదు. మన ఊళ్లలో ఏ చిన్న బ్యూటీ పార్లర్‌లోనైనా జరిగే ఈ పనికి అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం 750 గంటల శిక్షణ, పరీక్షలు, ఆపైన లైసెన్సు కావాలంది. ఆ శిక్షణకు 3,500 నుంచి 9,000 డాలర్ల దాకా ఖర్చు. జరిమానాల బెడద మొదలయ్యాక, 2009లో కొందరు కోర్టుకెక్కారు. పటేల్ కేసుగా పేరుపడిన ఈ వ్యాజ్యంలో టెక్సాస్ సుప్రీంకోర్టు 2015 జూన్‌లో 6-3 మెజారిటీతో వారి పక్షాన తీర్పిచ్చింది. 750 గంటల్లో 320 దాకా థ్రెడింగ్ చేసేవారి పనికి సంబంధం లేనివేనని తేల్చింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఈ పని నేర్చుకుని డాలస్ చేరిన మహిళకు ఆ గంటల భారం ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

ఇది ఒక్క రాష్ట్రపు చాదస్తమని కొట్టిపారేయలేం. 1950ల తొలినాళ్లలో అమెరికా కార్మికుల్లో రాష్ట్ర లైసెన్సు అవసరమైనవారు 5 శాతం లోపే. 2015 నాటికి నలుగురిలో ఒకరికి పైగా లైసెన్సు కావలసివస్తోందని ఆ ఏడాది ఒబామా హయాంలోని వైట్‌హౌస్ నివేదికే చెప్పింది. ఇంతగా పెరగడానికి ఒక ముఖ్య కారణం నిబంధనలు రాసే చేతులు. చాలా లైసెన్సింగ్ బోర్డుల్లో కూర్చునేది ఆ వృత్తిలో ఇప్పటికే స్థిరపడినవారు. నార్త్ కరోలినా దంతవైద్య బోర్డులో ఎనిమిది మంది సభ్యులైతే ఆరుగురు ప్రాక్టీసు చేస్తున్న డెంటిస్టులే. తక్కువ ధరకు పళ్లు తెల్లబరిచే దుకాణాలకు, పని ఆపేయమంటూ ఆ బోర్డు లేఖలు పంపింది. పోటీదారులే పోటీని అడ్డుకుంటుంటే, ప్రభుత్వ పర్యవేక్షణ కూడా లేనప్పుడు, పోటీ చట్టాల నుంచి మినహాయింపు ఇవ్వలేమని 2015లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. కంచే చేను మేస్తే వినియోగదారుకు దిక్కెవరు?

మరి ప్రజల ఆరోగ్యం మాటేమిటి? అపరిశుభ్రంగా చేస్తే థ్రెడింగ్‌తోనూ చర్మవ్యాధులు అంటుకోవచ్చు. నిజమే. అయితే దానికి మందు పరిశుభ్రత మీద చిన్న శిక్షణ, ఆకస్మిక తనిఖీ, తప్పు చేస్తే గట్టి జరిమానా. పనిలోకి అడుగే పెట్టనివ్వని లైసెన్సు ఆఖరి అస్త్రం కావాలి. స్వేచ్ఛా మార్కెట్ వాదులూ ఇక్కడ గీత దాటకూడదు. ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో డాక్టర్లకు సైతం లైసెన్సు అక్కర్లేదన్నారు. పొరపాటు జరిగితే ప్రాణమే పోయే చోట, రోగికి ముందుగా తెలుసుకునే వీలు లేని చోట ఆ వాదన నిలవదు. హాని ఎంతో, అది సరిదిద్దుకోగలిగేదో కాదో చూసి కట్టడి ఉండాలి.

ఎన్నికైన శాసనసభ చేసిన చట్టాన్ని జడ్జీలు తమ ఆర్థిక అభిప్రాయాలతో కొట్టేయవచ్చా అన్నది రెండో అభ్యంతరం. పటేల్ కేసులో విభేదించిన న్యాయమూర్తుల ఆందోళనా ఇదే. అందులో బలముంది. ఒక్కో వృత్తీ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగడం సంస్కరణ అనిపించుకోదు. కాబట్టి పని చట్టసభల్లోనే జరగాలి. 2019లో అరిజోనా ఆ దారి చూపింది. వేరే రాష్ట్రంలో కనీసం ఏడాదిగా లైసెన్సు ఉండి, రికార్డు శుభ్రంగా ఉంటే, అక్కడికి వచ్చి స్థిరపడేవారు శిక్షణ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదంది. భర్త ఉద్యోగం మారినప్పుడల్లా రాష్ట్రం మారే కుటుంబాలకు ఇది పెద్ద ఊరట. అయితే విదేశంలో నేర్చిన నైపుణ్యానికి ఈ తలుపు తెరుచుకోలేదు. తర్వాతి అడుగు అటే పడాలి. లైసెన్సు గంటలు అనవసరమని బతుకుతెరువు వెతుక్కునే మనిషి నిరూపించుకునే పద్ధతి పోవాలి. ప్రతి గంటా ఏ హానిని ఆపుతుందో చూపే బాధ్యత బోర్డులదని, చూపలేకపోతే ఆ గంట రద్దవుతుందని చట్టంలోనే రాయాలి.