బుకాయింపు ఖరీదు

పోకర్ పోటీలలో ఆరితేరినవారు కొత్త ఆటగాళ్ళకు చెప్పే మాట ఒకటుంది. చేతిలో మంచి ముక్కలు లేకపోయినా ఉన్నట్లు పెద్ద పందెం ఒడ్డి ఎదుటివాడిని బెదరగొట్టడం ఆ ఆటలో తప్పు కాదు, అదొక విద్య. ఎదుటివాడు బెదరలేదని తెలిసిన తరువాత కూడా, ఇంతదాకా పెట్టాము కదా అని మరింత ఒడ్డడమే తప్పు. చేతిలోని ముక్కలను దాచవచ్చు గానీ, ముందున్న బిళ్ళల దొంతరను దాచలేము. అది తరిగిన కొద్దీ బుకాయింపునకు బలం తగ్గుతుంది. అది ఖాళీ అయితే పోటీ నుంచే నిష్క్రమణ.

ఈ సూత్రం దేశాల ఖజానాలకూ వర్తిస్తుందనడానికి 2021-22 నాటి శ్రీలంక అనుభవాన్ని మించిన ఉదాహరణ దక్షిణాసియాలో లేదు. విదేశీ మారక నిల్వలే అక్కడ బిళ్ళలు. 2019 చివర సుమారు 760 కోట్ల డాలర్లుగా ఉన్న ఆ నిల్వలు 2021 నవంబరు చివరికి దాదాపు 160 కోట్లకు పడిపోయాయి. అయినా డాలరు విలువ సుమారు 200 రూపాయలేనని కొలంబోలోని కేంద్ర బ్యాంకు పట్టుబట్టింది. అప్పులన్నీ గడువుకు చెల్లిస్తామని, అంతర్జాతీయ ద్రవ్యనిధి గడప తొక్కనవసరం లేదని పాలకులు ధీమా ప్రకటించారు. డిసెంబరులో నిల్వలు 310 కోట్లకు చేరినట్లు లెక్క చూపారు. కానీ అందులో దాదాపు సగం చైనాతో కరెన్సీ మార్పిడి ఒప్పందం కింద వచ్చిన యువాన్లు. షరతుల కారణంగా అవి అవసరానికి అక్కరకు వచ్చేవి కావు.

ఈ ధీమాను ఎవరూ నమ్మలేదు. విదేశాలలోని శ్రీలంక కార్మికులు అధికారిక రేటుకు డబ్బు పంపడం మాని హవాలా దారి పట్టారు. 2020లో 710 కోట్ల డాలర్లుగా ఉన్న వారి చెల్లింపులు 2021లో సుమారు 550 కోట్లకు తగ్గాయి. శ్రీలంక బాండ్లు ముఖవిలువకు చాలా తక్కువకే చేతులు మారసాగాయి. బుకాయింపు బయటపడిందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. అయినా 2022 జనవరి 18న 50 కోట్ల డాలర్ల బాండు బాకీని పూర్తిగా చెల్లించారు. ఆ సొమ్మును ఇంధనానికీ మందులకూ అట్టిపెట్టి, రుణదాతలతో గడువు గురించి మాట్లాడమని ఆ దేశంలోని ఆర్థికవేత్తలు పలువురు చేసిన హెచ్చరిక చెవికెక్కలేదు.

మార్చిలో మారకం రేటుపై పట్టు సడలించక తప్పలేదు. ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు నిలిపివేస్తున్నట్లు ప్రకటించారు. వాడుకోగల నిల్వలు 5 కోట్ల డాలర్లు కూడా లేవని మే నెల ఆరంభంలో ఆర్థికమంత్రి పార్లమెంటుకు చెప్పవలసి వచ్చింది. సెప్టెంబరు నాటికి కొలంబోలో ద్రవ్యోల్బణం 70 శాతానికి చేరువైంది.

పేకాటకూ ప్రభుత్వానికీ తేడా ఇక్కడే ఉన్నది. పేకాటలో బుకాయించినవాడే నష్టపోతాడు. ఇక్కడ పందెం కాసినవారు వేరు, నష్టపోయినవారు వేరు. పెట్రోలు కోసం, వంటగ్యాసు కోసం రోజుల తరబడి వరుసలలో నిలబడినవారు, ఆసుపత్రిలో మందు దొరకనివారు ఆ బల్ల దగ్గర కూర్చున్నవారు కారు.

ముక్కలు బలహీనమైనప్పుడు వాటిని కింద పెట్టేయడం పరాజయం కాదు. 1991లో భారతదేశం చేసినది అదే. కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే నిల్వలు మిగిలినప్పుడు, జూలైలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించింది. దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు తరలించి కుదువబెట్టింది. పరువు పోయిందని నాడు దేశమంతటా ఆక్రోశం వ్యక్తమైంది. కానీ అప్పు ఎగవేసిన దేశమన్న పేరు రాలేదు. ఆ కష్టం మనకు రాకుండా పోలేదు, కాస్త ముందుగా ఒప్పుకొన్నాము, అంతే.

శ్రీలంక ఆలస్యంగానైనా పాఠం నేర్చుకొన్నది. 2023 మార్చిలో ద్రవ్యనిధి నుంచి సుమారు 300 కోట్ల డాలర్ల సహాయానికి ఆమోదం పొందింది. అదే ఏడాది కొత్త కేంద్ర బ్యాంకు చట్టం తెచ్చి, నోట్లు ముద్రించి ప్రభుత్వ లోటు పూడ్చే మార్గాన్ని మూసింది. ఆర్థిక నిర్వహణలో ప్రజావిశ్వాసాన్ని భంగపరచారని నాటి పాలకులను ఆ దేశ సుప్రీంకోర్టు నవంబరులో తప్పుపట్టింది. అయితే పొరుగు దేశం నేర్చిన పాఠం తనకు అక్కరలేదనుకొన్న పాకిస్థాన్ 2023 జనవరిలో, బిగించి ఉంచిన రేటును వదలక తప్పక, రూపాయి ఒక్కసారిగా కుప్పకూలడం చూసింది.

కనుక ప్రతి కేంద్ర బ్యాంకు మొత్తం నిల్వలతో పాటు, వాటిలో నిజంగా వాడుకోగలిగినవెన్నో కూడా ప్రజలకు చెప్పాలి. ఆ అంకె తరుగుతున్నప్పుడు పాలకులను నిలదీసే హక్కు పార్లమెంటుకు ఉండాలి. ప్రజల బియ్యానికీ మందులకూ ఉద్దేశించిన సొమ్మును పాలకుల పరువు కోసం పందెంగా ఒడ్డే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదు.