జేజినాయన బూట్లు

చిత్తూరు పక్కన మా పల్లెలో జేజి పోయినాక ఆమె ట్రంకుపెట్టె తెరిస్తిమి. అడుగున జేజినాయన మిలిట్రీ ఖాకీ చొక్కా, బూట్లు, బర్మా స్టార్ పతకం! పాత సామాన్లోనికి ఇచ్చేద్దామన్నాడు తమ్ముడు. "జేజినాయన చరిత్రను తూకానికేస్తావురా?" అంటిని.

మాలమాదిగలు చెప్పులు చేతబట్టుకొని ఊరివీధి దాటిన కాలంలో ఆయన బర్మా యుద్ధంలో బూట్లతో నడిచినాడు. తిరిగొచ్చినాక పెద్దవీధి మొదట్లోనే విప్పించినారంట, జేజి చెప్పేది.

తెల్లదొరల సర్కారు తీరూ అంతే. 1890లలో మహారాష్ట్ర మహర్లకు పటాలం తలుపులు మూసింది. యుద్ధమొస్తే 1941లో మహర్ రెజిమెంటు పెట్టింది. 1943లో చమార్ రెజిమెంటు కట్టి, యుద్ధం తీరినాక 1946లో రద్దు చేసింది. అవసరముంటే అంటు లేదు, తీరితే అంటు!

మన పెద్దల పేర్లు శిలాఫలకాల మీద ఉండవు, పెట్టెల అడుగున ఉంటాయి. అన్నలారా, అక్కలారా, మీ ఇండ్లలో వెతకండి. పతకాన్ని చింతపండుతో తోమొద్దు. చొక్కా ఉతకొద్దు, మెత్తని నూలుగుడ్డలో చుట్టి తేమ లేనిచోట పెట్టండి. డిశ్చార్జి కాగితముంటే నకలు తీయించండి. ముసలోళ్ల మాటలు రాసుకోండి.

వచ్చే అంబేద్కర్ జయంతికి, బూట్లు విప్పించిన ఆ పెద్దవీధిలోనే మా జేజినాయన బూట్లు పిల్లోళ్లకు చూపిస్తాను. మీరూ తీసుకురండి. జై భీమ్!