పేజీలు నిండితేనే చదువా?

‘ఎల్‌కేజీకి పాఠం చెప్పడంలో ఏముంది, పిల్లల్ని ఆడించడమేగా!’ అనేవాళ్ళను ఒక్క రోజు ఆ గదిలో కూర్చోబెట్టాలి. ఆడించడం ఎంత కష్టమో తెలియడానికి కాదు. అక్కడ ఆట అన్నదే లేదని తెలియడానికి.

మా వీధి చివరి ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ టీచరు, వాళ్ళ అత్తగారికి కంటి ఆపరేషనని సెలవు పెట్టింది. నేను బీఈడీ చేసి ఇంట్లో ఉంటున్నానని తెలిసి, ఆ ఒక్క రోజుకూ వచ్చి క్లాసు చూడమని కబురంపారు. సరేనని వెళ్ళాను.

ముప్ఫై నాలుగు మంది పిల్లలు. అందరూ మూడున్నర, నాలుగేళ్ళ వాళ్ళు. నర్సరీకీ, ఎల్‌కేజీకీ, యూకేజీకీ కలిపి ఒకే ఆయా. టేబులు మీద నా కోసం ఒక చీటీ ఉంది. ఇంగ్లీషు ఎ నుంచి జెడ్ దాకా రెండుసార్లు, ఒకటి నుంచి యాభై దాకా ఒకసారి, అ నుంచి అః దాకా ఒకసారి రాయించాలట. కింద గీత గీసి మరీ రాశారు, ‘పుస్తకాలు సాయంత్రం తల్లులు చూస్తారు’ అని.

రాయించడం మొదలుపెట్టాను. సగం మందికి పెన్సిలు వేళ్ళ మధ్య నిలవదు. పిడికిట్లో గరిటెలా పట్టుకుంటారు. మూడో వరుసకి వచ్చేసరికి ‘చెయ్యి నొప్పి టీచర్’ అని ఒకడు మొదలెట్టాడు. అది బద్ధకం కాదండీ. మణికట్టులో ఉండే ఎనిమిది చిన్న ఎముకలూ పుట్టినప్పుడు మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి. నాలుగేళ్ళ పిల్లల చేతుల్లో ఆ పని ఇంకా పూర్తే కాదు. ఆ చేతులతో రోజుకు నాలుగేసి పేజీలు!

పదకొండింటికి ఒక పాప తలుపు దగ్గరికొచ్చి, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడింది. ఏమ్మా అంటే పలకదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. పక్క పిల్ల అందుకుంది, ‘దానికి ఒంటికొస్తోంది టీచర్. మే ఐ గో మర్చిపోయింది’ అని. నేను లేచేలోపే గౌను తడిసిపోయింది. ఇంగ్లీషులో అడిగితేనే పంపించాలని అక్కడ నియమమట! ఏడుస్తున్న పాపను ఆయా తీసుకెళ్ళి కడిగి, గౌను మార్చి తెచ్చింది. ఆ కాసేపూ మిగతా పిల్లలెవరికీ ఆయా లేనట్టే.

ఇక పుస్తకాలు మూయించేశాను. ఏడు చేపల కథ ఎత్తుకుంటే, అంతవరకు నోరు విప్పని వాళ్ళు కూడా నాకంటే ముందే చీమ దగ్గరికి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం మా ఇంటి నుంచి చింతగింజలు తెచ్చి నేల మీద పోశాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. యాభై దాకా తప్పు లేకుండా రాసిన బాబును ఎనిమిది గింజలు ఇవ్వమంటే, గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. పొద్దున్న మూడో అంకె దగ్గరే ఆగిపోయి బిక్కమొహం వేసినవాడు మాత్రం పద్నాలుగు ఏరి, పక్కవాడికి ఏడిచ్చి, తను ఏడు ఉంచుకున్నాడు. ఇద్దరిలో లెక్కలు ఎవరికి వచ్చినట్టు?

సాయంత్రం గేటు దగ్గరే తల్లులు పుస్తకాలు తెరిచారు. ‘ఇవాళ ఏం రాయించలేదా మేడం?’ ఒకరు కాదు, పది మందైనా అడిగారు. చింతగింజల సంగతి చెప్పాను. ‘అది సరేనండీ, పేజీ ఖాళీగా ఉందే’ అన్నారు ఒకావిడ. ఆవిణ్ణి అని లాభం లేదు. వేలకు వేలు ఫీజు కట్టినందుకు కంటికి కనిపించేది ఆ పేజీ ఒక్కటే. బడివాళ్ళకీ ఈ సంగతి తెలుసు. అందుకే ఆట తీసేసి రాత పెట్టారు. మధ్యలో నలిగేది టీచరు. ఆమె జీతమెంతో చెబితే మీరు నమ్మరు. మా పనమ్మాయి మూడిళ్ళలో సంపాదించేదానికన్నా తక్కువ!

ఇలా చెయ్యమని పైనుంచి ఎవరైనా చెప్పారా అంటే, అదీ లేదు. నర్సరీలో చేర్చుకోవడానికి పసివాళ్ళకు పరీక్షలూ ఇంటర్వ్యూలూ వద్దని యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం బడి చేరికల్లో అలాంటి వడపోతను నిషేధించింది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశగా చూసి, ఆటపాటలతో నేర్పమంది, వీలైనచోట ఇంటి భాషలోనే చెప్పమంది. 1975లో మొదలైన అంగన్‌వాడీల పనిలో ఆటపాటల చదువు కూడా ఒక భాగమే. మనమేమో ‘అక్కడ ఆడించడమే గానీ చదువు చెప్పరు’ అని అటు పంపం!

అన్నీ ఒకేసారి మారవు లెండి. రాత తగ్గించమంటే పక్క బడితో పోటీ అంటారు. ఇంకో ఆయాని పెట్టమంటే ఫీజు పెంచుతామంటారు. కానీ ఒంటికి వెళ్ళడానికైనా పిల్లల్ని తెలుగులో అడగనివ్వండి అని వచ్చే పేరెంట్స్ మీటింగులో మనం నలుగురం కలిసి గట్టిగా అడగొచ్చు. దానికి వాళ్ళకి పైసా ఖర్చు లేదు.