ఉత్పాదకత పెరిగిందట! ఆ లెక్కలో మన వాగు ఉందా?

"కొత్త టెక్నాలజీతో ఉత్పాదకత పెరిగింది, పర్యావరణాన్నీ కాపాడుతున్నాం" అని కంపెనీలు చెప్తుంటయ్. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చప్పట్లు కొట్టే ముందు ఒకటి అడగండి: ఆ ఉత్పాదకతను దేంతో కొలిచారు?

మన ఉమ్మడి వరంగల్‌లోని భూపాలపల్లి బొగ్గు గనులనే తీసుకోండి. సింగరేణిలో ఉత్పాదకత అంటే ఓఎంఎస్. ఒక మనిషి ఒక షిఫ్టుకు ఎన్ని టన్నుల బొగ్గు తీసినట్టు అనే లెక్క. ఒకప్పుడు భూగర్భ గనిలో కార్మికుడు తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తి టబ్బు నింపేటోడు. తర్వాత ఎస్‌డీఎల్ యంత్రాలొచ్చినయ్. ఓపెన్‌కాస్టులో షావెల్లు, డంపర్లు దిగినయ్. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న ఉద్యోగులు ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చారు. బొగ్గు మాత్రం 2023-24లో 70 మిలియన్ టన్నులు దాటింది. యంత్రాలతో రెక్కల కష్టం తగ్గింది. అది మంచిదే, కాదనం.

కానీ ఓఎంఎస్ కొలిచేది మనిషి షిఫ్టును మాత్రమే. భూగర్భ గని మీద ఊరు, చేను మిగిలే వీలుంటది. ఓపెన్‌కాస్టుకు పైనున్నదంతా పోవాలి. టన్ను బొగ్గుకు ఎంత ఓబీ మట్టి గుట్ట పోశారు, ఎంత అడవి కొట్టారు, ఏ వాగును మళ్లించారు అన్నవి ఆ అంకెలో కనబడవు.

సోలార్ ప్లాంట్లు పెట్టారు, మొక్కలు నాటారు. నిజమే. సోలార్‌తో కర్బనం తగ్గొచ్చు గానీ ఎండిన బావిలో నీళ్లూరవు. గుట్ట మీద నాటిన మొక్క, ఇప్పపువ్వు, తునికాకు ఇచ్చిన అడవికి సాటి రాదు.

ఆ లెక్క మనమే రాయాలె. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసియ్యాలె, నివేదిక సారాంశం తెలుగులో ఉండాలె. దాన్ని తెచ్చి ఊళ్లో చదివి వినిపించండి. టన్నుకు ఎంత మట్టి తీస్తరు? రోజుకు ఎన్ని నీళ్లు తోడతరు? మనోళ్లకు పర్మినెంట్ ఉద్యోగాలెన్ని? ఈ మూడూ అడిగి, జవాబులు మినిట్స్‌లో రాయించండి.

అడవిని, నీటి వనరులను కాపాడుకునే అధికారం అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 గ్రామసభకు ఇచ్చింది. 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు కూర్చుని బాక్సైట్ తవ్వకం వద్దన్నయ్. ఆ కొండ ఇంకా నిలబడే ఉంది.

వచ్చే గ్రామసభకు నోట్‌బుక్కు పట్టుకుని పోండి.

జల్, జంగల్, జమీన్!