సైకిలే కదా అని ఊరుకుందామా?

కొత్త స్కూటరు కొంటే షాపువాళ్లు సర్వీసు పుస్తకం చేతిలో పెడతారు. మొదటి సర్వీసు ఎప్పుడో గుర్తు చేస్తారు. మరి అమ్మాయి బడికి వెళ్లే సైకిలు సంగతి? "ఏముందమ్మా, సైకిలే కదా!" అంటారు. మనమూ అదే అనుకుంటాం.

ఆళ్లగడ్డ కర్నూలు–కడప జాతీయ రహదారి మీదున్న ఊరు. లారీలు, బస్సులు తిరిగే ఇలాంటి చోట బ్రేకు పడకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా?

పోయేది చదువే

బీహారులో 2006లో ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ల పథకం పెట్టింది. దానివల్ల హైస్కూల్లో చేరిన అమ్మాయిల సంఖ్య 32 శాతం పెరిగిందని 2017లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. బడి దూరంగా ఉన్న ఊళ్లకే ఎక్కువ మేలు జరిగింది. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరుతో హైస్కూలు అమ్మాయిలకు సైకిళ్లిచ్చారు.

అయితే ఒక్కసారి పడి చెయ్యి విరిగిందంటే ఇంట్లో వచ్చే మొదటి మాట ఏమిటి? "ఇక బడి చాల్లే!" వదులైన నట్టుకు శిక్ష పడేది అమ్మాయి చదువుకు.

తప్పెవరిది?

సైకిలు కంపెనీ నుంచి చాలావరకు విడిభాగాలుగానే వస్తుంది. హ్యాండిల్, పెడళ్లు, చక్రాలు, బ్రేకులు బిగించేది షాపులోనే. ఏదైనా జరిగితే కంపెనీ షాపును చూపిస్తుంది, షాపు పిల్లను చూపిస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం తయారీదారునీ, అమ్మినవారినీ, రిపేరు చేసినవారినీ కూడా బాధ్యుల జాబితాలో చేర్చింది. సరుకు ఖరీదు 5 లక్షల లోపయితే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. సలహాకు 1915కు ఫోన్ చేయొచ్చు. రసీదు లేకుంటే మాత్రం మన మాట నిలబడటం కష్టం.

అలాగని మెకానిక్ ఒక్కడినే తిట్టి లాభం లేదు. పది రూపాయల దగ్గర బేరమాడి, "అన్నా, తొందరగా ఇచ్చెయ్" అనేది మనమే కదా! నిదానంగా చూసి బిగించమనండి, ఆ పనికి తగ్గ కూలీ ఇవ్వండి.

షాపులోనే చూసుకోండి

* ముందు, వెనుక బ్రేకులు వేటికవి పనిచేయాలి. ఒక్కొక్కటి నొక్కి సైకిలును నెట్టండి. ఆ చక్రం తిరగకూడదు.
* ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పండి. అది విడిగా తిరిగితే బిగువు చాలదు.
* సీటు గొట్టం మీద గీత ఉంటుంది. పాప పొడుగని ఆ గీత బయటికి కనిపించేలా సీటు ఎత్తకూడదు.
* ఎడమ పెడల్ మర ఎదురు దిక్కుకు తిరుగుతుంది. తెలియక బలవంతంగా బిగిస్తే మర అరిగి పెడల్ ఊడుతుంది.
* చున్నీ, లంగా చిక్కకుండా చైన్ కవరు ఉండాలి.
* పంక్చర్ వేయించాక చక్రం నట్లు, బ్రేకులు మళ్లీ చూడాలి. కొత్త సైకిలుకు నెల తిరక్కుండానే అన్నీ ఇంకోసారి బిగించాలి. కొత్తలో బ్రేకు తీగ సాగుతుంది, చువ్వలు సర్దుకుంటాయి.

ఉచితంగా ఇచ్చే సైకిళ్లకూ ఇదే వర్తించాలి. ప్రతి సైకిలునూ మెకానిక్ పరీక్షించి సంతకం పెట్టాకే అమ్మాయికి అందించాలని తల్లిదండ్రుల కమిటీలు పట్టుబట్టాలి. బిగింపు ఖర్చును కూడా పథకంలోనే చేర్చాలి. సైకిళ్ల సంఖ్య చెప్పి చేతులు దులుపుకుంటే చాలదు.

సైకిలు ఇవ్వడంతో బాధ్యత తీరిపోదు. అమ్మాయి క్షేమంగా బడికి వెళ్లి ఇంటికి తిరిగొచ్చేలా చూడాలి. ఆ మాట అడిగే హక్కు ప్రతి తల్లికీ ఉంది. అడుగుదాం!